కుర్చీ పగ్గం ఎవరి చేతిలో?

హజ్, ఉమ్రా యాత్రలకు వెళ్ళివచ్చిన కుటుంబాలలో చాలామందికి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. సఫా, మర్వాల మధ్య నడిచేవారి బాటల నడుమ చక్రాల కుర్చీల కోసం ప్రత్యేకంగా ఒక దారి ఉంది. ఏడు పర్యాయాలూ కలిపితే సుమారు మూడు కిలోమీటర్ల నడక. కొడుకులు తల్లులను, మనుమలు తాతలను కుర్చీలలో కూర్చోబెట్టి తోసుకుంటూ సాగుతుంటారు. చూసేవారి కళ్ళు చెమర్చే సన్నివేశమది. పై అంతస్తులోకి వెళితే మరో దృశ్యం కనిపిస్తుంది. అక్కడ విద్యుత్తుతో నడిచే చిన్న బండ్లు అద్దెకు దొరుకుతాయి. నడవలేని పెద్దలు తామే పిడి పట్టుకుని తమ బండిని తామే నడుపుకుంటూ వెళుతుంటారు. వారి వెనుక తోసేవారు ఎవరూ ఉండరు. ఎక్కడ వేగం పెంచాలో, ఎక్కడ కాసేపు నెమ్మదించి దుఆ చేసుకోవాలో వారి ఇష్టం.

మొదటి దృశ్యంలోని సేవాభావాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు ఏమాత్రం లేదు. తల్లిదండ్రులకు చేసే సేవ విలువ ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పవలసినదీ కాదు. అయితే రెండవ దృశ్యంలో ఉన్నదేమిటో మన ఇళ్ళలో అంతగా చర్చకు రాదు. కుర్చీ తోసే చేతుల గురించి మాట్లాడుకున్నంతగా కుర్చీలో కూర్చున్నవారి ఇష్టం గురించి మనం మాట్లాడుకోము. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షల పైచిలుకు. వారిలో ఎందరు గది నుండి గదికి తమంతట తాము వెళ్ళగలుగుతున్నారన్న ప్రశ్న ఆ లెక్కలలో లేదు.

మోటారు చక్రాల కుర్చీ అనగానే అదొక యంత్రమని, డబ్బుంటే కొనుక్కునే వస్తువని అనుకుంటాము. కొన్నేళ్ళ క్రితం మేమూ అలాగే అనుకున్నాము.

మా బంధువర్గంలో ఒక ఖాలా ఉన్నారు. వయసు అరవై దాటింది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట కొంచెం తడబడినా తెలివి చురుకుగానే ఉంది. ఎడమ చేత్తో గట్టి ఆధారం పట్టుకుంటే ఒంటికాలి మీద కాసేపు నిలబడగలరు. మొదట మామూలు చక్రాల కుర్చీ తెచ్చారు. ఒక్క చేత్తో ఒకే చక్రాన్ని తిప్పితే కుర్చీ ముందుకు పోదు, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతుంది. కనుక ఎవరో ఒకరు తోయవలసిందే. కొడుకులిద్దరూ, కోడలూ ఏనాడూ విసుక్కోలేదు. ఆ ఇంటిని చూసి మేము ఎన్నోసార్లు ముచ్చటపడ్డాము.

ఇంతలో ఆమెకు మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ రావడం మొదలైంది. నీళ్ళు సరిగా తాగుతున్నారా అని వైద్యుడు అడిగితే అసలు సంగతి బయటపడింది. అసర్ తర్వాత ఆమె నీళ్ళు ముట్టడం మానేశారట. ఎందుకమ్మీ అని పెద్దకొడుకు నిలదీస్తే ఆమె అన్న మాట ఇది: "పొద్దంతా దుకాణంలో నిలబడి వచ్చి పడుకుంటావు. ఒకసారి లేపితే సరే బేటా, రాత్రికి మూడుసార్లు ఎలా లేపను?"

సేవ చేసేవారు ప్రేమతోనే చేస్తున్నారు. సేవ అందుకుంటున్నవారు ఆ ప్రేమను కష్టపెట్టకుండా ఉండేందుకు తమ దాహాన్ని అణచుకుంటున్నారు. ఇద్దరి తప్పూ లేదు. మధ్యలో లేనిది ఒక సాధనం. కొడుకులు వెంటనే మోటారు కుర్చీ కొన్నారు. ఆ కుర్చీ నెల తిరిగేసరికి వరండాలో ఉతికిన బట్టలు పెట్టుకునే బల్లగా మారింది. ఆ కథ తర్వాత చెబుతాము. అసలు ఈ కుర్చీ ఎలా రూపుదిద్దుకుందో ముందు చూద్దాము. ఖాలా ఇంట్లో జరిగిన పొరపాటు ఏమిటో అప్పుడే బోధపడుతుంది.

ఒక పిడి, రెండు మోటార్లు

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము తీవ్రంగా దెబ్బతిన్నవారు ఎక్కువకాలం బతికేవారు కారు. పెన్సిలిన్ వంటి మందులు, మెరుగైన వైద్యం వచ్చాక గాయపడిన సైనికులు వేల సంఖ్యలో ప్రాణాలతో ఇళ్ళకు తిరిగివచ్చారు. వారిలో చేతులు కూడా సరిగా పనిచేయనివారున్నారు. అప్పటికే మడతపెట్టి కారులో పెట్టుకోగల ఉక్కు గొట్టాల కుర్చీ వాడుకలో ఉంది. దానిని 1930లలో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు రూపొందించారు. ఎవరెస్ట్ స్వయంగా గని ప్రమాదంలో నడుము విరిగినవాడే. అయితే ఆ కుర్చీ నడవాలంటే చేతులలో బలముండాలి. అది లేనివారి సంగతేమిటి?

ఈ ప్రశ్న కెనడాలో జాతీయ పరిశోధనా మండలిలో పనిచేస్తున్న జార్జ్ క్లైన్ అనే ఇంజనీరు ముందుకు వచ్చింది. కుర్చీలకు మోటారు తగిలించే ప్రయత్నాలు అంతకుముందూ జరగకపోలేదు. క్లైన్ చేసిన పని వేరు. ఆయన గాయపడిన మాజీ సైనికులతో, వారికి వైద్యం చేసేవారితో కలిసి పనిచేశారు. ఎడమ చక్రానికి ఒక మోటారు, కుడి చక్రానికి మరొక మోటారు విడివిడిగా అమర్చి, రెండింటినీ ఒకే చిన్న పిడితో నడిపేలా చేశారు. ఈనాడు జాయ్‌స్టిక్ అంటున్నది ఆ పిడినే. 1950లలో తయారైన ఆ నమూనాను 1955లో కెనడా ప్రభుత్వం అమెరికాకు బహూకరించింది. మరుసటి సంవత్సరం నుండి ఎవరెస్ట్, జెన్నింగ్స్‌ల కంపెనీ మోటారు కుర్చీలను పెద్దయెత్తున తయారు చేయసాగింది.

ఏడు దశాబ్దాలు గడిచినా మూలసూత్రం మారలేదు. పిడిని ముందుకు నెడితే రెండు మోటార్లూ సమాన వేగంతో తిరుగుతాయి. ఎడమకు వంచితే కుడి మోటారు వేగం పెరిగి కుర్చీ ఎడమకు మళ్ళుతుంది. ఒక చక్రం ముందుకు, మరొకటి వెనుకకు తిరిగితే కుర్చీ ఉన్నచోటనే తిరిగి నిలుస్తుంది. ఇరుకైన వంటగదిలో, స్నానాలగదిలో ఈ చివరి కదలికే ప్రాణం. పిడిని వదిలేస్తే కుర్చీ నెమ్మదించి ఆగుతుంది, ఆగగానే బ్రేకు దానంతటదే బిగుసుకుంటుంది. కరెంటు అందితేనే ఆ బ్రేకు వదులవుతుంది. అందకపోతే బిగిసే ఉంటుంది. కనుక వాలు మీద బ్యాటరీ అయిపోయినా కుర్చీ జారిపోదు. చేత్తో తోయవలసి వచ్చినప్పుడు మోటార్లను విడదీసేందుకు వెనుకవైపు ఒక మీట ఉంటుంది. ఆ మీటను వాలు మీద తీయకూడదు. ఈ ఒక్క మాట ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలిసి ఉండాలి.

వెలుపలి నుండి చూసేవారికి ఇది చిన్న ఏర్పాటుగానే తోస్తుంది. కానీ ఆ పిడి ఎవరి వేళ్ళ కింద ఉన్నదన్న దానిమీద మొత్తం జీవితం ఆధారపడి ఉంటుంది. దీనికి ఒక నిజమైన మనిషి ఉదాహరణ ఉంది.

అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన ఎడ్ రాబర్ట్స్‌కు 14వ ఏట, 1953లో పోలియో సోకింది. మెడ కింది భాగం దాదాపు పూర్తిగా చచ్చుబడింది. ఊపిరి పీల్చుకోవడానికి రాత్రివేళ ఇనుప పెట్టెలాంటి యంత్రంలో పడుకోవలసి వచ్చేది. 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఆ యంత్రం ఏ హాస్టలు గదిలోనూ పట్టకపోవడంతో అక్కడి ఆసుపత్రిలోనే ఒక గది ఇచ్చారు. ఎక్కడికి వెళ్ళాలన్నా ఒకరు కుర్చీ తోయాలి. మోటారు కుర్చీని ఆయన నడపలేడని అందరూ తేల్చేశారు. చేతిలో మిగిలిన కదలిక రెండు వేళ్ళది. దానితో పిడిని ముందుకు నెట్టలేడు. అయితే తనవైపు లాక్కోగలడు. పిడిని వెనుకకు తిప్పి బిగించగానే అడ్డంకి తొలగిపోయింది! ఆయన శరీరంలో ఏ మార్పూ రాలేదు. కుర్చీ అమరిక మాత్రం ఆయనకు తగినట్టు మారింది.

ఆ తర్వాత జరిగినది చరిత్ర. ఆయనా, ఆయన సహచరులూ 1970 ప్రాంతంలో విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థుల కోసం ఒక విభాగాన్ని ఏర్పాటు చేయించుకున్నారు. ఆ విభాగం చేపట్టిన పనులలో ముఖ్యమైనది చక్రాల కుర్చీల మరమ్మతు. కుర్చీ చెడిపోతే ఆ రోజే బాగుచేసేవారు లేకపోతే స్వాతంత్ర్యమన్నది ఆ రోజుతోనే ముగుస్తుందని వారు అనుభవంతో గ్రహించారు. 1972లో స్వతంత్ర జీవన కేంద్రం ఆరంభమైంది. బర్క్‌లీ వీధుల్లో కాలిబాటల అంచులను వాలుగా చెక్కించారు. పని చేయడానికి పనికిరాడని ఒకనాడు రాబర్ట్స్‌ను తిరస్కరించిన ప్రభుత్వ పునరావాస శాఖకే 1975లో ఆయన అధిపతి అయ్యారు. 1995లో ఆయన మరణించాక ఆ కుర్చీని వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రపరిచారు. దానికి రాత్రివేళ దారి కనిపించేలా ముందు దీపం ఉంది. అర్ధరాత్రి ఒంటరిగా బయటికి వెళ్ళే మనిషి కుర్చీ అది.

ఖాలా కుర్చీలో లోపమేమిటి?

ఇప్పుడు వరండాలో బట్టల బల్లగా మారిన కుర్చీ దగ్గరకు వద్దాము.

దుకాణంలో ఎవరూ ఆమెను చూడలేదు, కొలతలు అడగలేదు. అందరికీ అమర్చినట్టే పిడిని కుడివైపు అమర్చి పంపారు. పడిపోయినది కుడిచెయ్యే కదా! ఎడమ చేతిని ఒడి మీదుగా చాపి పిడి పట్టుకుంటే నడుము ఒకవైపు ఒరిగిపోయేది. వేగం, మళ్ళే తీవ్రత కర్మాగారంలో పెట్టినట్టే ఉన్నాయి. తొలిరోజే కుర్చీ ఒక్క ఉదుటున ముందుకు దూకి బీరువాకు గుద్దుకుంది. అన్నిటికంటే పెద్ద అడ్డంకి కొలతలది. కుర్చీ వెడల్పు 25 అంగుళాలు; స్నానాలగది తలుపు చట్రం పోను మిగిలిన దారి 24 అంగుళాలు. అంగుళం తేడాతో మొత్తం డబ్బు వృథా అయింది. "అమ్మీ వల్ల కాదులే" అని కొడుకులు అనుకున్నారు. అమ్మీ కూడా అలాగే అనుకున్నారు. బర్క్‌లీలో రాబర్ట్స్ గురించి అందరూ అనుకున్నదీ ఇదే.

దాదాపు ఏడాది తర్వాత ఫిజియోథెరపీ చేయడానికి వచ్చిన ఒక అమ్మాయి ఆ కుర్చీని చూసి, దీనిని వాడరేమని అడిగింది. కారణాలు విని నవ్వింది. పిడిని ఎడమవైపుకు మార్చడానికి ఒక స్పానరు, అరగంట సమయం చాలునని చెప్పింది. అలాగే మార్చారు. చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. ఈ కుర్చీలలోని నియంత్రణ పెట్టె ఒక చిన్న కంప్యూటరు. ఎంత వేగంగా బయలుదేరాలి, ఎంత మెల్లగా ఆగాలి, మలుపులో ఎంత నెమ్మదించాలి, చెయ్యి వణికితే ఆ వణుకును ఎంతవరకు లెక్కలోకి తీసుకోకూడదు అన్నవన్నీ మంచి కుర్చీలలో మనిషిని బట్టి మార్చుకోవచ్చు. అమ్మినవారినే రప్పించి వేగాన్ని నడక కంటే తక్కువకు తగ్గించారు. ఆ తర్వాత తాపీమేస్త్రీ వచ్చాడు. స్నానాలగది చట్రం తీసేసి దారిని 32 అంగుళాలకు పెంచాడు, గడప కొట్టేసి వాలు చేశాడు, కమోడ్ పక్కన ఎడమ చేతికి అందేలా గోడకు ఉక్కు కడ్డీ బిగించాడు. వుజూ కోసం మోకాళ్ళు కిందికి దూరేంత ఎత్తులో బేసిన్ అమర్చాడు. ఖర్చు కుర్చీ ఖరీదులో సగం కూడా కాలేదు.

వారం రోజులు ఖాలా హాలులోనే సాధన చేశారు. మనుమడు స్టీలు చెంబులు వరుసగా పెట్టి వాటి మధ్యగా నడిపించేవాడు. ఒక తెల్లవారుజామున కోడలు ఫజ్ర్‌కు లేచి చూసేసరికి అత్తగారు వుజూ ముగించుకుని తన గదిలో నమాజుకు సిద్ధంగా ఉన్నారు. కోడలు కంగారుపడింది. "నన్ను లేపలేదేం అమ్మీ?" అంది. "నువ్వు పడుకోవాలనుకున్నాను" అన్నారు ఆమె. పదకొండు నెలల తర్వాత ఆ ఇంట్లో ఆమె ఒకరికి ఒక సౌకర్యం కల్పించారు.

స్త్రీల విషయంలో ఇందులో మరో కోణం ఉంది. స్నానానికి, మరుగుదొడ్డికి ఎత్తి తీసుకెళ్ళవలసినప్పుడు ఎవరు ఎత్తాలన్న సంకోచం మన ఇళ్ళలో ఉండనే ఉంటుంది. కోడలు పుట్టింటికి వెళితే, కూతుళ్ళు దూరాన ఉంటే, ఆ సంకోచం దాహంగానూ ఆకలిగానూ మారుతుంది. వారు నోరు తెరిచి చెప్పరు. అడగవలసింది మనమే.

కూర్చోవడమూ ఒక పనే

చేతులు కూడా పనిచేయనివారి కోసం ఈ రంగంలో జరిగిన కృషి ఆశ్చర్యం కలిగిస్తుంది. వేలికొన కదలికకే స్పందించే చిన్న జాయ్‌స్టిక్‌లు ఉన్నాయి. గడ్డంతో నడిపేవి ఉన్నాయి. తల వెనుక దిండులో మీటలు అమర్చి, తలను అటూ ఇటూ ఆనిస్తే మళ్ళేవి ఉన్నాయి. గొట్టంలోకి ఊపిరి ఊదడం, పీల్చడం ద్వారా నడిచేవీ ఉన్నాయి. రూపకర్త వేసుకోవలసిన మొదటి ప్రశ్న 'ఈ మనిషిలో ఏమి లేదు?' అన్నది కాదు; 'అలసిపోకుండా, ప్రతిసారీ ఒకేలా చేయగల కదలిక ఏది?' అన్నది. కనుబొమ్మ కదలిక అయినా సరే, అది నమ్మదగినదైతే చాలు.

కుర్చీ ఆసనం కూడా నడకంత ముఖ్యమైనది. స్పర్శ తెలియనివారు గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే రక్తప్రసరణ ఆగి పుండ్లు పడతాయి. అవి ప్రాణాల మీదికి కూడా తెస్తాయి. ప్రతి 15 నుండి 30 నిమిషాలకు ఒకసారి బరువును ఒకచోటి నుండి మరోచోటికి మార్చాలి. ఒక మీట నొక్కితే ఆసనం మొత్తం వెనుకకు వాలే కుర్చీలలో ఆ పనిని కూర్చున్నవారే చేసుకోగలరు. లేకపోతే రోజులో ముప్పైసార్లు ఎవరినో పిలవాలి. పిలవలేక ఊరుకుంటే పుండు. మంచి దిండు, సరైన వెడల్పు, కాళ్ళకు సరైన ఆధారం అన్నవి విలాసాలు కావు. కుర్చీ ధరలో బేరమాడి దిండు మానేసే కుటుంబాలను మేము చూశాము. అంతకంటే చక్రాల రంగు మానుకోవడం మేలు!

పిల్లల గురించి ఒక మాట. నడవలేని చిన్నపిల్లలకు మోటారు కుర్చీ ఇస్తే బద్ధకస్తులవుతారని, ఇక నడక నేర్చుకోరని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయం సహజం. అయితే 1980లలోనే అమెరికాలో జరిగిన పరిశోధనలు మూడేళ్ళలోపు పిల్లలు సైతం ఇలాంటి కుర్చీని నడపడం నేర్చుకోగలరని చూపాయి. పసిపిల్లవాడు పాకుతూ వెళ్ళి గిన్నె లాగుతాడు, తలుపు చాటున దాక్కుంటాడు, తల్లి పిలిస్తే రానంటాడు. ఈ అల్లరిలోనే వాడి బుద్ధి వికసిస్తుంది. ఒకచోటనే కూర్చోబెట్టిన పిల్లవాడికి అల్లరి చేసే అవకాశం కూడా ఉండదు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక బృందం మామూలు బొమ్మకార్లకే పెద్ద మీటలు, వీపుకు ఆధారం అమర్చి ఇలాంటి పిల్లలకు ఇచ్చే పని చేపట్టింది. ఆ ప్రయత్నం క్రమంగా ఇతర నగరాలకూ వ్యాపించింది.

గడప దాటాక

మన నేల సంగతి వేరు. పాశ్చాత్య దేశాల నున్నని బాటల కోసం చేసిన కుర్చీ మన వీధిలో గుంతలో దిగబడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో కూడిన పెద్ద కుర్చీ వంద కిలోలు దాటుతుంది. ఆటోలోకి ఎక్కదు, పై అంతస్తుకు మోయలేము. లిథియం బ్యాటరీలతో వచ్చే మడత కుర్చీలు పాతిక ముప్పై కిలోలకు తగ్గాయి గాని, వాటి చిన్న చక్రాలు బురదకు, ఇసుకకు తట్టుకోవు. మధ్య చక్రాలకు మోటారున్న కుర్చీ ఇంట్లో తక్కువ చోటులో చక్కగా మళ్ళుతుంది. ఎగుడుదిగుడు నేల మీద ముందు, వెనుక చక్రాలు ఆనుకుని మధ్య చక్రం గాలిలో తేలిపోవచ్చు. కనుక కొనేముందు 'ఏది మంచిది?' అని అడగడం కంటే 'రోజులో ఎక్కువసేపు ఎక్కడ తిరుగుతారు?' అని అడగడం తెలివైన పని.

మన దేశపు రోడ్లను దృష్టిలో పెట్టుకుని జరిగిన కృషిలో మద్రాసు ఐఐటీది చెప్పుకోదగినది. ఆచార్య సుజాతా శ్రీనివాసన్ నాయకత్వంలోని పునరావాస పరిశోధనా కేంద్రంలో 'నియోఫ్లై' అనే కుర్చీ, దానికి ముందు తగిలించుకునే 'నియోబోల్ట్' అనే మోటారు చక్రం రూపొందాయి. కుర్చీని వాడేవారి శరీరం కొలతలకు తగినట్టు తయారు చేస్తారు. ఇంట్లో అది మామూలు కుర్చీ. బయటికి వెళ్ళేటప్పుడు ముందు భాగాన్ని తగిలిస్తే గంటకు 25 కిలోమీటర్ల వేగం వరకు వెళ్ళే బండి. ఒకసారి ఛార్జి చేస్తే దాదాపు 30 కిలోమీటర్లు నడుస్తుంది. గమ్యం చేరాక ముందు చక్రాన్ని విడదీసి కుర్చీతో లోపలికి వెళ్ళిపోవచ్చు. దీనితో ఇంటింటికీ భోజనం చేరవేసే ఉద్యోగాలు చేసుకుంటున్నవారున్నారు. కుర్చీ నుండి స్కూటరుకు, స్కూటరు నుండి కుర్చీకి మారడానికి మరొకరి సాయం అడగనక్కరలేకుండా చేయడమే ఇందులోని గొప్పదనం. చేతులలో బలమున్నవారికే ఇది తగుతుందన్నది గుర్తుంచుకోవాలి. ఖాలా వంటివారికి పనికిరాదు.

మెట్లెక్కే కుర్చీలూ వచ్చాయి. అమెరికాలో డీన్ కేమెన్ రూపొందించిన ఐబాట్ 2003లో అనుమతి పొందింది. రెండు చక్రాల మీద లేచి నిలబడి, కూర్చున్న మనిషిని ఎదుటివారి కళ్ళ ఎత్తుకు తీసుకువెళ్ళేది. ధర పాతికవేల డాలర్లకు పైమాటే. కొనేవారు కరువై 2009లో అమ్మకాలు నిలిచిపోయి, పదేళ్ళ తర్వాత మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది. అద్భుతమైన యంత్రమే. కాని మెట్లెక్కే కుర్చీ కంటే మెట్టు పక్కన వాలు కట్టించడం చౌక అన్నది మా అభిప్రాయం.

వాలుకూ ఒక లెక్క ఉంది. ఒక అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. అడుగున్నర అరుగుకు 18 అడుగుల వాలు కావాలి. తోచినట్టు నిటారుగా ఒక సిమెంటు పలక పోసి, ర్యాంపు కట్టామని చెప్పుకునే భవనాలు మన ఊళ్ళలో కొల్లలు. అవి బైకులు ఎక్కించుకోవడానికి పనికివస్తాయి, అంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కూడా ఇదే స్థితి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు భవనాలు, రవాణా సదుపాయాలు అందరికీ అందుబాటులో ఉండేందుకు తప్పనిసరి ప్రమాణాలను నిర్దేశించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదికను తయారు చేసినది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రమే.

ఇక మన మస్జిదులు. మూడడుగుల ఎత్తు మెట్లు, వుజూ కోసం నేలకు దగ్గరగా కట్టిన అరుగులు, తడి గచ్చు. జుమాకు కొడుకులు చేతుల మీద మోసి తెస్తే వచ్చే పెద్దలు కొంతకాలానికి రావడం మానేస్తారు. చక్రాలు అపరిశుభ్రమవుతాయేమోనన్న సందేహం కొందరు కమిటీవారికి ఉంటుంది. అది ఆలిములను అడిగి తీర్చుకోదగిన విషయం. ద్వారం దగ్గర చక్రాలు తుడిచే ఏర్పాటు, చివరి సఫ్‌లో ఒక పక్కన కుర్చీ పట్టేంత చోటు కష్టమైన పనులు కావు. కొత్తగా కట్టే మస్జిదులలో పునాది వేసే రోజునే ఈ మాట ఎత్తితే ఖర్చు నామమాత్రమే.

దానధర్మాల విషయంలోనూ ఒక విన్నపం. జకాతు, సదఖా సొమ్ముతో చక్రాల కుర్చీలు పంచే సభలు మనలో జరుగుతుంటాయి. వరుసగా ఒకే కొలత కుర్చీలు, వేదిక, ఫోటో. ఆశయం ఉత్తమమైనదే. కానీ కొలత తప్పిన కుర్చీ వెన్నును వంచుతుంది, పుండ్లు తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలలో కుర్చీ ఇవ్వడమంటే మనిషిని పరీక్షించడం, కొలతలకు తగినట్టు అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాత మరమ్మతులు చూడడం అని స్పష్టంగా ఉంది. ఇరవై కుర్చీలు పంచే బదులు పన్నెండు కుర్చీలు కొలిచి ఇచ్చి, మిగిలిన సొమ్మును బ్యాటరీలకు, మరమ్మతులకు పక్కన పెడితే ఎక్కువమంది బాగుపడతారు. వీధిలో సైకిల్ మెకానిక్‌కో, ఇన్వర్టర్ బాగుచేసే కుర్రవాడికో ఈ కుర్చీల పని నేర్పించడం అన్నిటికంటే దూరదృష్టి గల దానం కావచ్చు. ప్రభుత్వాలు ఇచ్చే మూడు చక్రాల మోటారు బండ్లకు దరఖాస్తు చేసుకోవలసిందే గాని, అవి రోడ్డు కోసం ఉద్దేశించినవి. ఇంటి లోపలి అవసరం వేరు.

ఉమ్రాకు సొంత కుర్చీ తీసుకువెళ్ళదలచినవారు బ్యాటరీ సంగతి ముందే విమాన సంస్థకు తెలపాలి. విడదీయగల లిథియం బ్యాటరీ ఒక్కటే ఉంటే సాధారణంగా 300 వాట్-అవర్ల వరకే అనుమతిస్తారు. బ్యాటరీ మీద రాసి ఉన్న వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఆ అంకె వస్తుంది: 24ను 12తో గుణిస్తే 288.

ఈ వ్యాసం రాసే ముందు మేము ఖాలాను చూడడానికి వెళ్ళాము. అసర్ దాటింది. ఆమె చేతిలో టీ కప్పు ఉంది, పక్కన నిండు నీళ్ళ చెంబు. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక తగవు నడుస్తున్నది. వీధి చివర ఉన్న చెల్లెలి ఇంటికి ఒంటరిగా వెళతానని ఆమె పట్టుబడుతున్నారు. కుక్కలున్నాయి, బైకులు దూసుకొస్తాయి, మేము తీసుకెళతాం కదా అని కొడుకులు బతిమాలుతున్నారు. "మీరు తీసుకెళ్ళినప్పుడు మీకు తీరిక, నాకు కాదు" అన్నారు ఆమె. ఎవరికీ జవాబు దొరకలేదు. చిన్నకొడుకు టేపు తీసుకుని మాతోపాటు వీధిలోకి వచ్చాడు. చెల్లెలి ఇంటి ముందు మురుగుకాలువ మీద వేసిన బండ నేల నుండి ఏడు అంగుళాలు ఎత్తు ఉంది. ఏడడుగుల వాలు పోయాలి. మేస్త్రీ ఆదివారం వస్తానన్నాడు.